మాహిష్మతికి వార్డు లేదు, బొల్లారానికి వార్డు సభ్యుడు లేడు

ఇవాళ తెలుగువాళ్లందరికీ తెలిసిన ఊహానగరం ఒకటి చెప్పమంటే ఎవరైనా మాహిష్మతి పేరే చెబుతారు. 2015లోనూ 2017లోనూ వచ్చిన రెండు బాహుబలి సినిమాలతో ఆ పేరు దేశాలు దాటింది. పురాణాల్లో మాహిష్మతి కార్తవీర్యార్జునుడి రాజధాని. సినిమా తీసుకున్నది ఆ పేరును మాత్రమే, తక్కినదంతా కల్పన. రామోజీ ఫిల్మ్ సిటీలో వేసిన ఆ కోట సెట్టు చూడటానికి జనం టికెట్టు కొని మరీ వెళ్లారు. సింహాసనం ఎలా ఉంటుందో, కోట గుమ్మం ఎంత ఎత్తో, శత్రువు దండెత్తి వస్తే సేన ఎలా బారులు తీరుతుందో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. ఆ ఊరికి తాగునీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో, వీధులు ఎవరు ఊడుస్తారో, సంతలో సుంకం ఎంతో, వసూలైన సుంకం దేనికి ఖర్చయిందని అడిగే హక్కు ఎవరికుందో మాత్రం ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని తోచదు కూడా. వేలమంది జనం తెర నిండా కనిపిస్తారు, పట్టాభిషేకానికి వస్తారు, జేజేలు కొడతారు, యుద్ధమొస్తే భయపడతారు. వాళ్లు నగరంలో ఉంటారు గానీ నగరం వాళ్ల చేతిలో ఉండదు. సినిమాను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. నగరమంటే పైవాళ్లు కట్టి, పైవాళ్లు నడిపి, మనకు చూపించేదన్న భావన మనలో ఎంత లోతుగా పాతుకుపోయిందో, దానివల్ల నిజమైన ఊళ్లలో ఏం పోగొట్టుకుంటున్నామో చెప్పాలనే ఈ ప్రస్తావన. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని బొల్లారం అందుకు దగ్గరి సాక్ష్యం.

ఈ భావన సినిమాతో పుట్టింది కాదు. ప్రబంధకవికి నగర వర్ణన తప్పనిసరి. మహాకావ్యానికి చెప్పిన పద్దెనిమిది వర్ణనల్లో దానిది ముందు వరస. అల్లసాని పెద్దన మనుచరిత్ర కథను అరుణాస్పదపురంతో ఎత్తుకుంటాడు. అక్కడి విప్రులు, రాజులు, వర్తకులు, సేద్యగాళ్లు, పూలమ్మే పడుచులు, ఏనుగులు, గుర్రాలు, తోటల మీదుగా వచ్చే గాలి, అన్నీ వరసగా వస్తాయి. పింగళి సూరన కళాపూర్ణోదయం ద్వారకలో మొదలై ఎన్నో లోకాలు తిరుగుతుంది. అది గొప్ప కవిత్వమనడంలో నాకు ఏ సందేహమూ లేదు. అయితే ఆ కవిత్వంలో పురజనం పురానికి ఆభరణం. ఊరి బాగోగులు మాట్లాడుకునే మనుషులుగా వాళ్లు కనపడరు. 1947 జులైలో మొదలైన చందమామ కొన్ని తరాల పిల్లలకు కోటలూ ద్వీపాలూ చూపించింది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన కంచుకోట, పాతాళదుర్గం వంటి ధారావాహికలు చదివి పెరిగినవాళ్లు ఇప్పటికీ వాటిని ప్రేమగా తలుచుకుంటారు. ఆ కథల్లో రాజ్యానికి వచ్చే చిక్కు సింహాసనానికి వచ్చే చిక్కే, దాని పరిష్కారం మంచి రాజు తిరిగి రావడమే. 1957లో కె.వి. రెడ్డి తీసిన మాయాబజార్ ఈ ఊహకు పరాకాష్ఠ. పెళ్లివారిని మురిపించడానికి ఘటోత్కచుడి పరివారం ఒక నగరాన్నే సృష్టిస్తుంది. విడిది, విందు, అంగళ్లు, సమస్తం అతిథి కోసమే. ఎవరూ కాపురం ఉండని నగరం అది. దానికి వార్డులు ఉండాలని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ మనం తరతరాలుగా ముచ్చటపడిన నగరాలన్నీ ఇలా చూసేవాళ్ల కోసం కట్టినవే కావడం మాత్రం గమనించాల్సిన విషయం.

ఊహానగరానికి పౌరజీవితం ఉండకూడదన్న నియమం ఎక్కడా లేదు. ఇంగ్లండ్ రచయిత టెరీ ప్రాచెట్ 1983 నుంచి రాసిన 41 డిస్క్‌వరల్డ్ నవలల్లో ఆంఖ్-మోర్‌పోర్క్ అనే నగరం ఉంది. మంత్రగాళ్లూ మరుగుజ్జులూ రాక్షసులూ తిరిగే ఊరే, అయినా ఆ ఊరికి కాపలాదళం ఉంది, వృత్తిసంఘాలు ఉన్నాయి, మలమూత్రాలు ఎత్తి పోసే వ్యాపారం మీద కోటీశ్వరుడైన మనిషి ఉన్నాడు. 2004లో వచ్చిన నవల మొత్తం ఆ ఊళ్లో మూలపడిన తపాలాఫీసును మళ్లీ నిలబెట్టడం గురించే. 2007 నాటి నవల బ్యాంకు గురించి, టంకశాల గురించి. ఊరు ఎలా నడుస్తుందన్న ప్రశ్న కూడా రాకుమారి అపహరణ అంత ఉత్కంఠ పుట్టించగలదని ఆయన నిరూపించాడు. అంతటి నగరాన్ని కూడా ఒక్క పాలకుడే నడుపుతాడు, పౌరులకు ఓటు లేదు. చిత్రమేమిటంటే ఈ విషయంలో మన దక్షిణాది చరిత్ర కల్పన కంటే చాలా ముందుంది. పదో శతాబ్దంలో మొదటి పరాంతక చోళుడి కాలంలో ఉత్తరమేరూరు గుడి గోడల మీద చెక్కిన శాసనాలు ఆ ఊరిని 30 వార్డులుగా విభజించాయి. అభ్యర్థుల పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో వేసి, ఒక బాలుడి చేత తీయించేవారు. తోటల సంఘం వేరు, చెరువు సంఘం వేరు. సభ్యత్వం ఏడాదే. లెక్కలు చూపని సభ్యుడు మళ్లీ పోటీకి పనికిరాడు, అతని దగ్గరి బంధువులు కూడా పనికిరారు. ఆస్తి, చదువు, కులం ఉన్న మగవాళ్లకే ఆ అర్హత దక్కిందన్నది నిజమే, దాన్ని మరుగుపరచకూడదు. అయినా చెరువు గట్టు ఎవరు చూడాలన్నది ఊరివాళ్లే తేల్చుకోవాలన్న ఆలోచన ఇక్కడివాళ్లకు పరాయిది కాదనడానికి ఆ రాళ్లు చాలు.

ఇక బొల్లారం. బయటివాళ్లు ఎరిగిన బొల్లారం ఒకటుంది. 1860లో కట్టిన, 90 ఎకరాల్లో పరుచుకున్న రాష్ట్రపతి నిలయం. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి, అందులో 1983 నవంబరులో రెండో ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజు నాడు చేసిన ప్రార్థన. పెద్ద చెట్లు, వెడల్పాటి రోడ్లు, పెంకుల కప్పు బంగ్లాలు. 2023 మార్చిలో రాష్ట్రపతి నిలయాన్ని ఏడాది పొడవునా ప్రజల సందర్శనకు తెరిచాక ఈ బొల్లారానికి చూడవచ్చేవాళ్లు పెరిగారు. లోపలివాళ్లు ఎరిగిన బొల్లారం వేరు. బజారు, రిసాల బజార్, రైల్వేస్టేషన్ చుట్టుపక్కల బస్తీలు, కంటోన్మెంట్ ఆసుపత్రి, నీటి ట్యాంకర్లు, ఇంటి నంబరు కోసం ఆఫీసు చుట్టూ తిరగడం. ఈ రెండో బొల్లారం కూడా కొత్తది కాదు. 1806లో నిజాం సికిందర్ జా పేరున సికింద్రాబాద్ వెలిసింది. బ్రిటిష్ అధికారులు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్ సేనలు బొల్లారంలో దిగాయి. సేన దిగితే దానితో పాటు వర్తకులు, చాకళ్లు, దర్జీలు, గుర్రాల కాపరులు, వంటవాళ్లు, వాళ్ల కుటుంబాలు కూడా దిగుతాయి. ఇవాళ్టి బజార్ల మూలాలు అక్కడివి. ఇక్కడి వీధి మీద హక్కు ఎవరిదన్న తగాదా కూడా అంత పాతదే. 1855 సెప్టెంబరులో మొహర్రం ఊరేగింపుల మీద బ్రిగేడియర్ కోలిన్ మెకెంజీ ఆంక్షలు పెట్టాడు. ఊరేగింపు ఆయన బంగ్లా మీదుగా వచ్చినప్పుడు గొడవ ముదిరి, కంటింజెంట్ అశ్వికులే ఆయన మీద కత్తులు దూశారు. ఆయన తీవ్రంగా గాయపడ్డాడు. ఆ హింసను సమర్థించనక్కర్లేదు. ఆ వీధిలో ఉండే జనాన్ని ఒక్క మాట అడగకుండా ఆ వీధికి నియమం పెట్టడం ఎలాంటి చోటికి దారితీస్తుందో చూడటానికి మాత్రం ఆ రోజును గుర్తుచేసుకోవచ్చు.

కాలక్రమంలో సికింద్రాబాద్‌లో చాలా భాగం మామూలు పురపాలనలోకి వచ్చేసింది. అక్కడ మున్సిపాలిటీ, ఆ తర్వాత కార్పొరేషన్ ఏర్పడ్డాయి. 1960లో హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు ఒకటయ్యాయి. కంటోన్మెంట్ మాత్రం రక్షణ శాఖ కింద విడిగా ఉండిపోయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉన్నది 2.17 లక్షల మంది. మన రాష్ట్రాల్లో ఎన్నో మున్సిపాలిటీలకు ఇంత జనాభా లేదు. వీళ్ల పురపాలనకు ఆధారం 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం. ఆ చట్టం ప్రకారం ఇంత పెద్ద కంటోన్మెంట్ బోర్డులో 8 మంది ఎన్నికైన సభ్యులుంటారు, మరో 8 మంది పదవి రీత్యా గానీ నామినేషన్ మీద గానీ వచ్చినవాళ్లు. అధ్యక్షుడు స్థానిక సైనికాధికారి. ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు ఆయనదే. అంటే అన్నీ సవ్యంగా ఉన్న రోజున కూడా ప్రజలు ఎన్నుకున్నవాళ్లది సగం మాటే. ఆ సగం మాట కూడా ఇప్పుడు లేదు. చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. అయిదేళ్ల గడువు 2020 ఫిబ్రవరిలో ముగిసింది. ఆర్నెల్ల చొప్పున రెండుసార్లు పొడిగించారు. 2021 ఫిబ్రవరిలో ఎన్నికైన సభ్యులు ఇంటికి వెళ్లిపోయారు. ఆ తర్వాత చట్టంలో అసాధారణ పరిస్థితుల కోసం రాసి పెట్టుకున్న ఏర్పాటు వచ్చింది: సైనికాధికారి, సీఈఓ, కేంద్రం నామినేట్ చేసే ఒక పౌరుడు, మొత్తం ముగ్గురు. ఈ ఏర్పాటు మామూలుగా ఏడాదికి మించకూడదని చట్టమే చెబుతుంది, పొడిగించుకునే వీలూ అదే ఇస్తుంది. 2023లో దేశంలోని 57 కంటోన్మెంట్లకు ఏప్రిల్ 30న ఎన్నికలని ఫిబ్రవరిలో ప్రకటించారు. అభ్యర్థులు గల్లీల్లో తిరగడం మొదలుపెట్టాక మార్చిలో ఆ ప్రకటనను రద్దు చేశారు. అసాధారణం కోసం పెట్టిన ఏర్పాటు ఇక్కడ మామూలు పాలన అయి కూర్చుంది.

పక్కనే ఉన్న మచ్చబొల్లారంతో పోల్చి చూస్తే ఈ లోటు స్పష్టంగా కనబడుతుంది. అల్వాల్ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిన 12 మున్సిపాలిటీల్లో ఒకటి. 2020 ఎన్నికల నాటికి మచ్చబొల్లారం ఆ వైపు గ్రేటర్ డివిజన్. 2020 డిసెంబరు 1న అక్కడివాళ్లు కార్పొరేటర్‌ను ఎన్నుకున్నారు. ఆ ఎన్నికలో గెలిచినవాళ్లు 2021 ఫిబ్రవరిలో ప్రమాణం చేశారు. సరిగ్గా ఆ నెలలోనే సరిహద్దు గీతకు ఇవతల బొల్లారంలో ఎన్నికైన సభ్యుల పదవీకాలం ముగిసింది. పేరులో సగం ఒకటే, ఎక్కే రైలు ఒకటే, కూరగాయలు కొనే బజారు ఒకటే. ఆ కార్పొరేటర్ల పదవీకాలమంతా ఒక పక్కన మురుగు పొంగితే నిలదీయడానికి ఒక మనిషి ఉండేవాడు, పనిచేశాడో లేదో తర్వాతి సంగతి. రెండో పక్కన దరఖాస్తు ఉంది, కౌంటరు ఉంది, అధికారి ఉన్నాడు. మళ్లీ ఓటడగడానికి రావాల్సిన మనిషి లేడు. ఇంకా బాధాకరమైన కోణం ఓటరు జాబితాది. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ కంటోన్మెంట్ కేసులో సుప్రీంకోర్టు 2016లో అనుమతి లేని కట్టడాల్లో ఉంటున్నవాళ్లు కంటోన్మెంట్ ఓటరు జాబితాకు అర్హులు కారని తేల్చింది. ఆ తీర్పు దరిమిలా సికింద్రాబాద్‌లో కూడా వేల పేర్లు జాబితా నుంచి పోయాయి. తీర్పును గౌరవించాల్సిందే. దాని ఫలితాన్ని మాత్రం కళ్లు తెరిచి చూడాలి: రక్షణ భూమి మీది బస్తీలో దశాబ్దాలుగా ఉంటున్న మనిషి ఎమ్మెల్యేను ఎన్నుకోవచ్చు, ఎంపీని ఎన్నుకోవచ్చు, దేశానికి ప్రధాని ఎవరవ్వాలో తేల్చవచ్చు. తన గల్లీలో వీధిదీపం గురించి మాట్లాడే సభ్యుడిని మాత్రం ఎన్నుకోలేడు.

ఎన్నికైన సభ్యుడు లేకపోతే నష్టమేమిటి, చెత్త ఎత్తుతున్నారు కదా, దీపాలు వెలుగుతున్నాయి కదా అనవచ్చు. రోజువారీ పని ఎలాగో జరుగుతుంది. పెద్ద నిర్ణయం వచ్చి పడినప్పుడు తెలుస్తుంది ఆ ఖాళీ. రాజీవ్ రహదారి మీద, నాగపూర్ జాతీయ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్ల కోసం రక్షణ శాఖ భూములు ఇవ్వడానికి 2024 మార్చిలో కేంద్రం ఒప్పుకుంది, ఆ నెలలోనే శంకుస్థాపనలూ జరిగాయి. ఆ రోడ్లు కావాలి. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు రోజూ వెళ్లేవాళ్ల అవస్థ చూసిన ఎవరూ వద్దనరు. కానీ కార్ఖానా, తిరుమలగిరి, బొల్లారం మీదుగా ఆ రోడ్డు వెడల్పయ్యేటప్పుడు ఏ దుకాణం ఎంత పోతుంది, నష్టపరిహారం ఏ హక్కుపత్రం చూసి ఇస్తారు, పిల్లర్ల కింద రోడ్డు దాటే చోటు ఎక్కడ పెడతారు అన్న ప్రశ్నలు తేలాల్సింది ఢిల్లీకీ రాష్ట్ర సచివాలయానికీ మధ్య మాత్రమే కాదు. ఓల్డ్ గ్రాంట్ బంగ్లా (భూమి సర్కారుది, ఇల్లు ఉన్నవాళ్లది), లీజు భూమి, ప్రైవేటు పట్టా, ఇలా గజం గజానికీ హక్కు స్వరూపం మారే చోటు కంటోన్మెంట్. ఆ చిక్కులు ఇంటింటికీ తెలిసిన స్థానిక సభ్యుడి అవసరం మామూలు ఊళ్లో కంటే ఇక్కడ ఎక్కువ. 2018 మేలో రక్షణ శాఖ కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమని ఆదేశించినప్పుడు కూడా సికింద్రాబాద్‌వాళ్ల ఆనందానికి అర్థముంది. వాటిని తెరవమని అడిగినవాళ్లలో ఎన్నికైన బోర్డు సభ్యులు ఉన్నారు, కాలనీ సంఘాలు ఉన్నాయి, ఎంపీలు ఉన్నారు. అలా అడిగే గొంతుల్లో ఒకటి ఇప్పుడు తగ్గిపోయింది.

కంటోన్మెంట్ ఇంత పచ్చగా, పొందికగా ఉండటానికి రాజకీయాలు లేకపోవడమే కారణమని గట్టిగా నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో చదువుకున్నవాళ్లు, నిజాయితీగా ఊరి బాగు కోరేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. చెట్లు మిగలడం, అంతస్తులు పెరగకపోవడం నిజం. దానికి కారణం మాత్రం ఎన్నికలు లేకపోవడం కాదు. భూమిలో అధిక భాగం సైన్యం చేతిలో ఉండటం, భవన నిర్మాణ నియమాలు గట్టిగా ఉండటం అసలు కారణాలు. 2015 నుంచి ఆరేళ్ల పాటు ఎన్నికైన సభ్యులు ఉన్నప్పుడు కూడా ఆ నియమాలు అలాగే ఉన్నాయి, చెట్లు కూలిపోలేదు. పైగా ఈ పచ్చదనం మాట్లాడేవాళ్లు చూస్తున్నది బంగ్లాల వైపు బొల్లారాన్ని. బస్తీల వైపు బొల్లారంలో నీళ్లు, డ్రైనేజీ, ఇంటి మరమ్మతుకు అనుమతి, ఇవన్నీ నిత్యం వేధించే సమస్యలే. మాహిష్మతిని చూసి మురిసినట్టే కంటోన్మెంట్‌ను చూసి మురవడం ఇక్కడే మొదలవుతుంది: కోట కనిపిస్తే చాలు, లోపలి మనిషి కనిపించకపోయినా పర్వాలేదనుకుంటాం.

భద్రత మాటకొస్తే, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. శిక్షణ కేంద్రాలు, ఆయుధాగారాలు, సైనికుల కుటుంబాలు ఉన్న చోట బయటివాళ్ల మీద నిఘా ఉండాలి, కొన్ని దారులు మూసి ఉంచాల్సిందే. అయితే ఎన్నికైన వార్డు సభ్యుడు చూసేది ఆయుధాగారాన్ని కాదు, బజారు కాలువను. పార్లమెంటు అన్నీ ఆలోచించే 2006 చట్టం చేసింది. అధ్యక్ష పదవి సైనికాధికారికి ఇచ్చింది, నిర్ణాయక ఓటు ఇచ్చింది, దేశ రక్షణకు అడ్డొచ్చే తీర్మానాన్ని ఆపే దారులు పెట్టింది. ఇన్ని కట్టుదిట్టాలు చేసిన తర్వాతే సగం సీట్లు ప్రజలకు వదిలింది. ఆ సగం కూడా ప్రమాదమని పార్లమెంటు అనుకోలేదు. దేశంలోని కంటోన్మెంట్లలో దశాబ్దాల పాటు ఎన్నికైన సభ్యులు సైనికాధికారులతో ఒకే బల్ల దగ్గర కూర్చుని పనిచేశారు. భద్రత పేరుతో ఇవాళ ఆ కుర్చీలు ఖాళీగా పెట్టడానికి చట్టంలో ఆధారం కనబడదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం విలీనానిది. పౌర ప్రాంతాలను కంటోన్మెంట్ల నుంచి విడదీసి స్థానిక మున్సిపాలిటీల్లో కలపాలని కేంద్రం నిర్ణయించుకుంది. హిమాచల్‌లోని ఖాస్ యోల్ 2023 ఏప్రిల్‌లో కంటోన్మెంట్ హోదా వదులుకున్న మొదటిది. సికింద్రాబాద్ విషయంలో కూడా కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య సంప్రదింపులు నడిచాయి. ఇవాళో రేపో గ్రేటర్‌లో కలిసేదానికి ఇప్పుడు ఎన్నికలెందుకు, ఖర్చు దండగ అంటారు. నా ఉద్దేశంలో విలీనమే ఎన్నికలకు అసలైన కారణం. కంటోన్మెంట్ నుంచి ఒక ప్రాంతాన్ని తీసేసేటప్పుడు కేంద్రం రాష్ట్ర ప్రభుత్వాన్నీ సంబంధిత బోర్డునూ సంప్రదించాలని, అక్కడి నివాసులు రాతపూర్వకంగా అభ్యంతరాలు చెప్పుకోవచ్చని చట్టం చెబుతుంది. బోర్డును సంప్రదించడమంటే ఏమిటి? ఇప్పుడున్న ముగ్గురిలో ప్రజలు ఎన్నుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. కేంద్రం కేంద్రాన్నే సంప్రదించుకున్నట్టు అవుతుంది. ఆ బల్ల మీదకు రావాల్సిన విషయాలు చిన్నవి కావు. బోర్డు ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు ఎటు వెళ్తారు, ఆస్తి పన్ను ఎంత పెరుగుతుంది, ఓల్డ్ గ్రాంట్ ఇళ్లకు హక్కు వస్తుందా, ఆసుపత్రీ బడులూ ఎవరి చేతికి పోతాయి, రక్షణ భూమి మీద ఉన్న బస్తీలు గీతకు ఏ పక్కన పడతాయి. ఈ చివరి ప్రశ్న కొన్ని వేల కుటుంబాల బతుకు. గీత గీసేవాళ్లకు అది పటం మీద పెన్సిలు గీత, బస్తీవాళ్లకు అది గోడ.

ఇలాంటి చోట జనాన్ని అడిగితే ఏమవుతుందో మన దగ్గరే ఉదాహరణ ఉంది. ఇంద్రుడి నగరం పేరు పెట్టుకున్న అమరావతికి 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. 29 గ్రామాల రైతులు భూసమీకరణలో 30 వేల ఎకరాల పైచిలుకు భూమి ఇచ్చారు. ప్రపంచ స్థాయి నగరమని ఎన్నో బొమ్మలు, నమూనాలు వచ్చాయి. సినిమా దర్శకుడు రాజమౌళి సలహాలు కూడా తీసుకున్నారు. ఆ తర్వాత రాజధాని వివాదం నడిచిన రోజుల్లో, 2022లో, అక్కడి గ్రామాలతో మున్సిపాలిటీ ఏర్పాటు చేయాలని ప్రభుత్వం ప్రతిపాదించి గ్రామసభలు పెట్టింది. గ్రామసభలు వద్దన్నాయి. ఆ వద్దనడం వెనక రాజధాని భవిష్యత్తు గురించిన భయం ఉంది, అది సబబా కాదా అన్నది వేరే చర్చ. ఊరి రూపం మార్చే ముందు ఊరిని అడగడం సాధ్యమేనని, అడిగితే జనం వచ్చి కూర్చుని మాట్లాడతారని, చేతులెత్తి చెబుతారని ఆ సభలు చూపించాయి. తుళ్లూరు మండలంలోని చిన్న పల్లెలకు దొరికిన ఆ అవకాశం రెండు లక్షలకు పైబడిన కంటోన్మెంట్ జనానికి ఎందుకు దొరకకూడదు?

ఓటున్న గ్రేటర్ మాత్రం ఏం బాగుపడిందన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. 2020 గ్రేటర్ ఎన్నికల్లో పోలైంది సుమారు 46 శాతమే. వానాకాలంలో మునిగే కాలనీలు, ఆక్రమణకు గురైన నాలాలు, పార్టీల చేతుల్లో చిక్కిన కౌన్సిల్ సమావేశాలు, ఇవన్నీ కళ్లెదుటే ఉన్నాయి. ఎన్నికైన మనిషి ఉన్నంత మాత్రాన కాలువ దానంతటది బాగుపడదు. అయితే బాగుచేయని మనిషిని మార్చే దారి ఉండటం, అసలు దారే లేకపోవడం ఒకటి కాదు. సగం మంది ఓటెయ్యలేదన్నది తక్కిన సగం మంది హక్కు తీసేయడానికి కారణం కాలేదు. పైగా జనం ఓటు మీద ఆసక్తి చూపకపోవడానికి కూడా మూలం మన ఊహలోనే ఉందనుకుంటాను. ఏ కథలోనూ, ఏ సినిమాలోనూ ఒక వార్డు సమావేశం చూడని మనం, నీటి సంఘం లెక్కలు అడిగే మనిషిని వీరుడిగా ఎప్పుడూ తలచుకోని మనం, మంచి రాజు వస్తే అన్నీ సర్దుకుంటాయని ఎదురుచూడటంలో వింతేముంది? ఊహానగరం సృష్టించే రచయితలనూ దర్శకులనూ నేను కోరేది ఒక్కటే. కోటతో పాటు కుళాయి దగ్గర తగాదాను కూడా ఊహించండి, దాన్ని తీర్చుకునే సభను ఊహించండి. మాంత్రికుడూ ఎగిరే గుర్రమూ ఉంటే ఉండనివ్వండి.

బొల్లారం విషయంలో చేయాల్సింది ఊహ అక్కర్లేనంత సూటిగా ఉంది. 2023లో ఆపేసిన ఎన్నికలను 8 వార్డులకూ జరపాలి. విలీనం దగ్గర్లోనే ఉందన్న కారణంతో అది కుదరదంటే, తుది ప్రకటనకు ముందు ప్రతి వార్డులో బహిరంగ సభ పెట్టి, ప్రతిపాదిత సరిహద్దు పటాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ హిందీలోనూ బజారులో, రైల్వేస్టేషన్‌లో, ఆసుపత్రి దగ్గర అతికించి, అక్కడ వచ్చిన మాటలను రాసుకుని, ఏ అభ్యంతరానికి ఏం జవాబిచ్చారో ప్రచురించాలి. కంటోన్మెంట్ జాబితాలో పేరు లేకపోయినా అసెంబ్లీ ఓటరు జాబితాలో ఉన్న ప్రతి నివాసినీ ఆ సభలకు పిలవాలి, ఎందుకంటే సరిహద్దు గీత వల్ల ఎక్కువ నష్టపోయే ప్రమాదం వాళ్లకే ఉంది. గ్రేటర్‌లో కలిసిన తర్వాత కంటోన్మెంట్ వార్డులను పెద్ద డివిజన్లలో ముక్కలు ముక్కలుగా కలిపేయకుండా, బొల్లారం బజారూ బస్తీలూ ఒకే డివిజన్‌లో ఉండేలా విభజన చేస్తామని ముందే హామీ ఇవ్వాలి. ఇవన్నీ జరిగాకే విలీన నోటిఫికేషన్ మీద రక్షణ శాఖ సంతకం పడాలి.